మా అన్నయ్యను గాలి తీసుకుపోలేదు



దసరా వెళ్ళింది, విజయనగరంలో సిరిమానోత్సవం కూడా అయిపోయింది. దీపావళి దాటితే కార్తీకం. మా ఊళ్ళో ఈసారి మాల ఎవరెవరు వేసుకుంటున్నారో అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. నిజానికి ఈ వారం మినుము విత్తనం గురించి రాద్దామనుకున్నాను. అది నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. ఇది మాత్రం కార్తీకం వచ్చాక రాస్తే ఉపయోగం లేదు.

మాల మీద గానీ, దీక్ష మీద గానీ నాకు ఏ తగువూ లేదు. నేనూ మూడుసార్లు వేసుకున్నవాణ్ణే. ఈ పోస్టు తాగుడు గురించి, అంతకంటే ముఖ్యంగా తాగుడు మానడం గురించి. ఇందులో నా తప్పులు కూడా ఉన్నాయి. పేర్లు రాయను. ఆ ఇళ్ళ పిల్లలు ఈ పేజీ చదువుతారు.

మాది పాతపట్నం వైపు పల్లె. గట్టిగా నడిస్తే ఒడిశా వచ్చేస్తుంది. 1993లో నాకు ఇరవై ఏళ్ళు. అంతకు ముందు ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మగారి పేరు మా ఊరి దాకా వచ్చింది. ఆ ఉద్యమం పాకి పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. మా ఊరి చివర కొట్టుకి తాళం పడిన రోజు మా అమ్మ, మా పెద్దమ్మ పండగ చేసుకున్నారు. చేసుకోరా మరి! ధాన్యం అమ్మిన డబ్బు ఇంటికి రాకముందే కొట్టు దగ్గర ఖర్చయిపోయేది.

మా పెదనాన్న పెద్దకొడుకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళవాడు. కుప్ప వేయడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. కానీ పొద్దున్న పళ్ళు తోముకోకముందే ఒక ప్యాకెట్ పడాలి. కొట్టు మూతపడగానే ఇంట్లో వాళ్ళంతా ఒక మాట అనుకున్నాం. ఇదే అదను, నాలుగు రోజులు బయటికి వదలకపోతే చచ్చినట్టు మానేస్తాడు అని. ధాన్యం గదిలో పెట్టి తాళం వేశాం. ఆ తాళం చెవి నా దగ్గరే ఉండేది.

మొదటి సాయంత్రానికి చేతులు వణికాయి. గ్లాసుతో నీళ్ళు ఇస్తే సగం గుండెల మీద పోసుకున్నాడు. ఒళ్ళంతా చెమట. "సారా దిగుతోందిరా" అని మేం నవ్వుకున్నాం. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి, నాలుక కొరుక్కున్నాడు. ఇనుము పట్టిస్తే తగ్గుతుందని ఎవరో అంటే, ఆ తాళం చెవినే అతని చేతిలో పెట్టాను. మూడో రోజు గోడ నిండా ఎర్ర చీమలు పాకుతున్నాయని చేత్తో రాలగొట్టడం మొదలుపెట్టాడు. ఒక్క చీమ లేదు. ఎప్పుడో పోయిన మా పెదనాన్నతో గట్టిగా మాట్లాడాడు. ఇక మాకు అనుమానం లేదు. "గాలి సోకిందర్రా" అన్నారు.

భూతవైద్యుణ్ణి తెచ్చారు. వేపమండలతో కొట్టాడు, మిరపకాయల పొగ పెట్టాడు. ఇది ఎవరో చేయించిన చిల్లంగి అన్నాడు, ఊరికి తూర్పున ఒంటరిగా ఉండే ఆడమనిషి పని అన్నాడు. ఆ దిక్కున ఒంటరిగా ఉండేది ఒక్కరే. అందరం పెద్దమ్మా అని పిలిచే ముసలావిడ.

ఐదో రోజు తెల్లవారి అన్నయ్య పోయాడు. ఒళ్ళు నిప్పులా కాలుతూ పోయాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటి ముందుకి జనం వెళ్ళారు. ఆవిడ మీద ఎవరూ చెయ్యి వేయలేదు గానీ ఇంటి పెంకులు పగిలాయి, అనరాని మాటలు అన్నారు. అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. వారం తిరక్కుండా ఆవిడ మూట కట్టుకుని పర్లాకిమిడి దగ్గర కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఊరికి రాలేదు.

ముప్పై ఏళ్ళు నేను ఇదే నమ్మాను.

2023 కార్తీకంలో మా పొలంలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న తమ్ముడు మాల వేసుకున్నాడు. పూర్వమైతే కంబారి అనేవారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు, అనకూడదు కూడా. నన్ను అన్నా అంటాడు. రోజూ తాగేవాడు. మాల వేసుకున్న రోజున వాళ్ళావిడ ముఖం 1993లో మా పెద్దమ్మ ముఖంలాగే వెలిగిపోయింది. రెండో రోజు భజనలో తాళాలు పట్టుకోలేకపోయాడు. ఆ రాత్రి ఫిట్స్. ఊళ్ళో వైద్యం చేసే అతను వచ్చి నీరసం అన్నాడు, గ్లూకోజు సీసా తగిలిస్తానన్నాడు. బయట అరుగు మీద ఆడవాళ్ళు అప్పుడే గాలి మాట ఎత్తారు.

మా అమ్మాయి విశాఖలో నర్సింగ్ చదువుతోంది. ఫోన్ చేస్తే ఒక్కటే అడిగింది. "నాన్నా, చిన్నాన్న తాగడం ఎప్పుడు మానేశాడు?" మొన్న తెల్లవారి అన్నాను. "ఒక్కసారిగా మానేశాడు కదా, అందుకే ఇది. ఒట్టి గ్లూకోజు పెట్టించొద్దు. 108కి ఫోన్ చెయ్యి, బేగి శ్రీకాకుళం తీసుకెళ్ళు." గురుస్వామికి చెప్పి మాల తీయించాం. ఆయన మంచి మాట అన్నారు: "ముందు మనిషి దక్కాలి, స్వామి ఎక్కడికీ పోడు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదటి ప్రశ్న, రోజుకి ఎంత తాగుతాడు అని. వాళ్ళావిడ ఒక క్వార్టర్ ఉంటుందేమో అంది. కొడుకు తెలీదన్నాడు. సరైన లెక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "మామూలు రోజు రెండు క్వార్టర్లు, పని రోజు మూడు" అన్నాను. ఆ మూడోది ఎవరు ఇస్తారో ఆవిడ అడగలేదు. నేనే ఇస్తాను. ఉభాల్లో, కోతల్లో, కుప్పనాడు కూలితోపాటు నేను ఇచ్చే క్వార్టర్ అది.

ఆవిడ చెప్పింది మన భాషలో చెబుతాను.

మెదడుకి కూడా ట్రాక్టర్‌కి ఉన్నట్టే బ్రేకు, యాక్సిలేటర్ ఉంటాయనుకోండి. మందు బ్రేకు మీద కాలు వేస్తుంది. అందుకే భయం తగ్గుతుంది, నొప్పి తెలీదు, మాట తడబడుతుంది, ఇంకా పడితే నిద్ర, మరీ పడితే ఊపిరే ఆగిపోవచ్చు. మత్తు అంటే అదే. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ అయితే 42.8 శాతం లెక్కన అందులో అసలు సరుకు 77 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి కాలేయానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. మజ్జిగ తాగించినా, నిమ్మకాయ పిండినా, నెత్తిన నీళ్ళు కుమ్మరించినా అది తొందరపడదు.

రోజూ బ్రేకు మీద కాలుంటే మెదడు ఊరుకోదు. బండి ఆగిపోకుండా యాక్సిలేటర్ ఇంకొంచెం, ఇంకొంచెం తొక్కుతూ పోతుంది. మొదట్లో ఒక గ్లాసుకే తూలిన కుర్రాడు పదేళ్ళ తర్వాత రెండు క్వార్టర్లు వేసినా నిలబడి నాగలి పట్టేది అందుకే. "ఆడికి ఎంత తాగినా ఎక్కదురా, గట్టోడు" అని మనం మెచ్చుకుంటాం. అది గట్టితనం కాదు, ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయిన గుర్తు. అలాంటి మనిషి పొద్దున్నే తాగేది మజా కోసం కాదు. చేతి వణుకు ఆగడం కోసం, మామూలుగా ఉండడం కోసం.

ఇప్పుడు ఆ బ్రేకు మీది కాలు ఒక్కసారిగా తీసేస్తే? తొక్కిపెట్టిన యాక్సిలేటర్ అలాగే ఉంది. బండి ఎగిరిపోతుంది. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమట, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదురుతుంది. లేని చీమలు, పాములు కనిపిస్తాయి, చచ్చినవాళ్ళ గొంతు వినిపిస్తుంది, ఎవరో చంపడానికి వస్తున్నారని పరిగెడతారు, జ్వరం కాస్తుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. అందరికీ ఇంత దూరం రాదు, చాలామందికి వణుకుతోనే పోతుంది. వచ్చినవాడికి మాత్రం వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందితే చాలామంది బతుకుతారు. ఆ యాక్సిలేటర్‌ని మెల్లగా దించే మందులు ఉన్నాయి, నాలుగైదు రోజులు కొలిచి ఇస్తారు.

గ్లూకోజు సంగతి కూడా అడిగాను. బాగా తాగేవాళ్ళు సరిగ్గా తినరు, ఒంట్లో బి1 అనే విటమిన్ అడుగంటిపోతుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట. ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజు. మంచి మనసుతోనే మనం ఎంతమందికి సీసాలు పెట్టించామో!

వరండాలో ఆవిడ ఒక్కర్తే ఉన్నప్పుడు 1993 సంగతి చెప్పాను. చీమలు, ఫిట్స్, మా పెదనాన్నతో మాట్లాడడం, అన్నీ. ఆవిడ అంతా విని, "ఎన్నో రోజు చీమలు కనిపించాయి?" అంది. మూడో రోజు అన్నాను. "అది ఇదే అండీ" అంది. ఇంకేం అనలేదు. నేను ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. మా అన్నయ్యను గాలి తీసుకుపోలేదు. మేం మంచికే వేశామనుకున్న తాళం తీసుకుపోయింది.

దీని అర్థం సారా బంద్ తప్పని కాదు. ఆ ఆడవాళ్ళు చేసింది న్యాయమే. నేననేది వేరు. 1995 జనవరి 16న మొత్తం మద్యం బంద్ అయింది, 1997లో మళ్ళీ తెరిచారు. 2019లో ప్రభుత్వ దుకాణాలు వచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టర్ వచ్చాయి. దుకాణం మూసినప్పుడల్లా మన వైపు ఒడిశా సారా గట్టు దాటి వచ్చేది. కొట్టుకి ఒక్క రోజులో తాళం వేయొచ్చు. ముప్పై ఏళ్ళు తాగిన ఒళ్ళు ఒక్క రోజులో మారదు. దానికి దారి వైద్యమే, తాళం కాదు.

ఇంటికొచ్చి మా అమ్మకి ఇదంతా చెప్పాను. మా అమ్మ అడ్డపొగ చుట్ట తాగుతుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మన జిల్లాలో ముసలమ్మలకు ఇది పాత అలవాటు. దీనివల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సరు వస్తాయని మన శ్రీకాకుళం పల్లెల్లో 1970ల నాటికే డాక్టర్లు పరిశోధన చేసి చెప్పారు. మేం ఎన్నిసార్లు లాక్కున్నా కొంగులో ఇంకోటి ఉంటుంది. మా అమ్మ అంతా విని, "నా చుట్ట నాను ఒగ్గలేకపోనాను, ఆడ్నేటని అంటాను రా" అంది. ఊరంతా వాణ్ణి తాగుబోతు అంటుంది. మా అమ్మని ఎవరూ ఏమీ అనరు. లోపల జరిగేది మాత్రం దాదాపు ఒకటే.

కానీ అన్ని మత్తులూ ఒక్కలా వదలవు, ఇది గుర్తుపెట్టుకోండి. చుట్ట, బీడీ, ఖైనీ ఒక్కసారిగా మానితే చిరాకు, తలనొప్పి వస్తాయి గానీ ప్రాణానికి భయం లేదు, ఈరోజే మానేయొచ్చు. గంజాయి మానితే నిద్ర పట్టదు, కోపం ఎక్కువవుతుంది. అది కూడా సాధారణంగా ప్రాణం తీయదు. కానీ లేత వయసులో గంజాయి తాగే కొందరు కుర్రాళ్ళకి మతే చెదిరిపోతుంది. ఎవరో వెంటపడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటారు. దాన్ని కూడా గాలి అనేస్తున్నాం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. మన ఏజెన్సీ కొండల్లో ఎంత పండేదో దాన్ని బట్టే తెలుస్తుంది. మన పిల్లల దాకా రాదనుకోవడం అమాయకత్వం. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకు వచ్చేవి ముఖ్యంగా రెండు: మందు, నిద్రమాత్రలు. ఈ రెండూ చాలాకాలం వాడినవాళ్ళు డాక్టర్ని అడిగే మానాలి.

ఇక ఈ కార్తీకానికి నేను చెప్పదలచుకున్నవి.

1. మాల వేసుకోబోయేవాడు పొద్దున్నే తాగితే గానీ చెయ్యి నిలవని మనిషా, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, చూసుకోండి. అలాంటివాణ్ణి మాలకి వారం పది రోజుల ముందే డాక్టరుకి చూపించండి. మందులతో దించుతారు. ఆ తర్వాత మాల వేసుకుంటే దీక్షా నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు.

2. ఏటేటా 41 రోజులు మాని, 42వ రోజు మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. అలా మానిన ప్రతిసారీ వణుకు, ఫిట్స్ ముందుసారి కంటే గట్టిగా రావచ్చు. పోయినేడు ఏమీ కాలేదు కదా అని ధీమా వద్దు. 42వ రోజున పాత కొలత వేసినా ఒళ్ళు తట్టుకోదు.

3. వణుకుతోపాటు జ్వరం, తికమక మాటలు, లేనివి కనిపించడం, ఫిట్స్, వీటిలో ఏది వచ్చినా అది గాలి కాదు. 108కి ఫోన్ చేయండి. ఎప్పుడు మానాడో, రోజుకి ఎంత తాగేవాడో పరువు చూసుకోకుండా నిజం చెప్పండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు.

4. మనిషికి తెలియకుండా కూరలో కలిపే పొడులు, చుక్కలు కొనొద్దు అమ్మా. మందు మాన్పించే కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. అవి మనిషికి చెప్పి, డాక్టరు చేత్తో వాడాల్సినవి.

5. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో మానసిక విభాగంలో అడగండి. విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. మత్తు మానడానికి సలహా కోసం 14446, మనసు బాగోకపోతే 14416. రెండూ ఉచితం. గంజాయి అమ్మేవాళ్ళ మీద ఫిర్యాదుకి 1972.

తమ్ముడు తొమ్మిది రోజులకి ఇంటికి వచ్చాడు. సంక్రాంతి కనుమనాడు మళ్ళీ తాగాడు. వాళ్ళావిడ ఏడ్చింది, నాకూ కోపం వచ్చింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "షుగరు మళ్ళీ పెరిగితే రోగిని తిడతారా? మళ్ళీ తీసుకురండి" అంది. తీసుకెళ్ళాం. ఆ తర్వాత ఇప్పటిదాకా తాగలేదు. రేపు ఏమవుతుందో నేను చెప్పలేను, అతనూ చెప్పలేడు. ఈ పూట తాగలేదు, అంతే.

నా వంతుగా నేను పొలంలో క్వార్టర్ ఇవ్వడం మానేశాను. ఆ డబ్బు కూలిలో కలిపి ఇస్తున్నాను, పది గంటలకి చోడంబలి, ఉల్లిపాయ, ఎండుచేప పెడుతున్నాను. మొదటి ఏడాది ఉభాల్లో "ఆ బుగత దగ్గర మందు లేదట" అని ఆరుగురు పక్క పొలానికి వెళ్ళిపోయారు. నాట్లు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి, అబద్ధం చెప్పను, కంగారు పడ్డాను. మన దగ్గర కూలీల కొరత ఎంతుందో మీకు తెలియంది కాదు. ఒక్కడు మానేస్తే ఒక్కడే నష్టపోతాడు. ఊళ్ళో రైతులందరం కూర్చుని కూలి డబ్బుగానే ఇద్దాం, మందుగా వద్దు అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. మా ఊళ్ళో ఈసారి పదకొండు మంది ఒప్పుకున్నాం. మీ ఊళ్ళో కూడా ఒకసారి మాట్లాడి చూడండి.

ఇంకొక్కటి ఉంది. ఆ పెద్దమ్మ ఎప్పుడో కాలం చేసింది. మొన్న వెతికి వెతికి ఆవిడ మనవడి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. నేను ఫలానా అని చెప్పి, జరిగిందంతా చెప్పి, మీ అమ్మమ్మ తప్పేమీ లేదు, తప్పు మాది, ఊళ్ళో అందరి ముందూ చెబుతాను అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అమ్మమ్మకి ఆ సంగతి తెల్దేటి మావా, మీకే తెల్దు" అన్నాడు.

అందుకే ఇక్కడ రాశాను. మా ఊరివాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి మనిషి ఉంటే, కార్తీకం లోపల ఇది వాళ్ళకి చదివి వినిపించండి. మినుము పోస్టు ఆదివారం పెడతాను.